సూది మొన ఎక్కడుంది? అల్ట్రాసౌండ్ నేర్చుకునే కొత్తవారికి ప్రాదేశిక శిక్షణ

(అనస్థీషియా పీజీ విద్యార్థులకూ అధ్యాపకులకూ ఇచ్చిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఈ ఏడాది మన విభాగంలో చేరిన పీజీ విద్యార్థులకు నమస్కారం.

అల్ట్రాసౌండ్ సాయంతో సూది వేయడం నేర్చుకునే కొత్తవారికి ప్రాదేశిక నైపుణ్యాలను ఎలా నేర్పాలన్నది ఈరోజు నాకు అప్పగించిన అంశం. ఒక వస్తువు ఎటు తిరిగి ఉంది, దాన్ని ఫలానా చోట కోస్తే లోపల ఏ ఆకారం కనిపిస్తుంది, కొంచెం తిప్పితే ఆ ఆకారం ఎలా మారుతుంది, దాని పక్కనున్నది ఎంత దూరంలో ఏ కోణంలో ఉంది అన్న విషయాలను మనసులోనే కట్టుకోగలగడాన్ని ప్రాదేశిక నైపుణ్యం అంటున్నాను. ఇది కొందరికి పుట్టుకతో వస్తుందనీ, రానివారు ఎన్ని కేసులు చేసినా అంతేననీ ఆపరేషన్ థియేటర్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాట తప్పు. అది తప్పయినప్పుడు మనం నేర్పే తీరు ఎలా మారాలన్నదే ఈ గంటలో నేను చెప్పదలచుకున్నది.

మన రంగంలోకి అల్ట్రాసౌండ్ మెల్లగా అడుగుపెట్టింది. 1978లో లా గ్రాంజ్ బృందం డాప్లర్ (రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరం) శబ్దంతో ధమని జాడ తెలుసుకుని, ఆ ఆసరాతో కాలర్ ఎముక పైనుంచి బ్రేకియల్ ప్లెక్సస్ బ్లాక్, అంటే చేతికి వెళ్లే నాడుల గుంపు దగ్గర మందు వదిలి చేతిని మొద్దుబార్చే సూది, ఇచ్చింది. 1994లో వియన్నాకు చెందిన కాప్రాల్ బృందం అదే బ్లాకును తెర మీద బొమ్మ చూస్తూ ఇచ్చిన అనుభవాన్ని ప్రచురించింది. 2002లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, మెడలోని జుగులర్ సిరలో సెంట్రల్ లైన్ (గుండెకు దగ్గరి పెద్ద సిరలోకి వేసే సన్నని గొట్టం) వేసేటప్పుడు అల్ట్రాసౌండ్ వాడాలని సిఫార్సు చేసింది. ఆ తర్వాత యంత్రాలు మన బోధనాసుపత్రులకూ వచ్చాయి. తెర మీది బొమ్మను రోగి ఒంటితో ముడిపెట్టుకోవడం ఎలాగో నేర్పే పద్ధతి మాత్రం యంత్రంతోపాటు రాలేదు. "ఇదిగో సిర, ఇదిగో సూది, కనిపిస్తోందా" అని మనం అడుగుతాం. కనిపించినవారు "కనిపిస్తోంది సార్" అంటారు, కనిపించనివారూ అదే మాట అంటారు. ఈ రెండు జవాబులకూ తేడా తెలుసుకునే మార్గం మన దగ్గర లేకపోవడమే అసలు లోటు.

కష్టం ఎక్కడుందో ముందు కొలతల్లో చూద్దాం. ప్రోబ్ నుంచి, అంటే చర్మం మీద ఆనించి పట్టుకునే అల్ట్రాసౌండ్ పరికరం నుంచి, వెలువడే శబ్దతరంగాలు ఒంట్లోకి పలుచని అట్టముక్కలా నిలువునా దిగుతాయి. మనం నెర్వ్ బ్లాకులకు (నాడి దగ్గర మత్తు మందు ఇవ్వడానికి) వాడే, అంచు తిన్నగా ఉండే లీనియర్ ప్రోబ్‌లో ఆ అట్ట వెడల్పు దాదాపు నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది కానీ, మందం బాగా కేంద్రీకృతమైన చోట ఒక మిల్లీమీటరుకు అటూఇటుగా ఉంటుంది. 22 గేజ్ సూది బయటి వ్యాసం 0.7 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు మందపు పొరలో 0.7 మిల్లీమీటర్ల సూదిని మొదటినుంచి చివరిదాకా నిలపాలన్న మాట. ఇప్పుడు ప్రోబ్ పట్టుకున్న చెయ్యి ఐదు డిగ్రీలు వాలిందనుకోండి. పట్టుకున్నవారికి తమ చెయ్యి కదిలినట్టే తెలియదు. కానీ మూడు సెంటీమీటర్ల లోతులో ఆ పొర 2.6 మిల్లీమీటర్లు పక్కకు జరిగిపోతుంది. సూది ఉన్నచోటే ఉంది, తెర మీద మాత్రం మాయమైంది. కొత్తవారు అప్పుడు ఏం చేస్తారు? సూది ఇంకా లోపలికి పోలేదేమో అనుకుని దాన్ని ముందుకు తోస్తారు.

ఇది నా ఊహ కాదు. అమెరికాలోని డార్ట్‌మత్‌లో బ్రయన్ సైట్స్ బృందం కొత్త రెసిడెంట్లు (శిక్షణలో ఉన్న డాక్టర్లు) ఇచ్చిన నెర్వ్ బ్లాకులను వీడియో తీసి, ఒక్కొక్కదాన్నీ నిశితంగా పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లు చేసిన తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినవి రెండు: సూది కనిపించకపోయినా దాన్ని ముందుకు తోయడం, తెలియకుండానే ప్రోబ్ కదిలిపోవడం. శరీరనిర్మాణం తెలియకపోవడం వల్లనో, మందు మోతాదు తెలియకపోవడం వల్లనో జరిగేవి కావివి. తన చేతికీ ఆ పలుచని పొరకూ ఉన్న సంబంధం మనసులో ఇంకా ఏర్పడకపోవడం వల్ల జరిగేవి. కాలర్ ఎముక పైన బ్లాక్ ఇస్తున్నప్పుడు సబ్‌క్లేవియన్ ధమని పక్కనే ప్లెక్సస్, ఆ కిందనే మొదటి పక్కటెముక, దాన్ని ఆనుకుని ఊపిరితిత్తి మీది పొర ఉంటాయి. మొన జాడ తెలియకుండా అక్కడ సూదిని ముందుకు తోస్తే రోగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది. అందుకే దీన్ని చేతిపని నేర్చుకునేటప్పుడు సహజంగా జరిగే చిన్న పొరపాటుగా తీసుకోవడానికి నా మనసు ఒప్పదు.

ఈ పనిలో మనసు ఒకేసారి మూడు లెక్కలు వేయాలి. మొదటిది, తెర మీద కనిపించే అడ్డుకోతను బట్టి లోపలి పూర్తి ఆకారాన్ని ఊహించడం. రెండోది, తెర కుడిఎడమలను రోగి కుడిఎడమలతో సరిపోల్చడం. మూడోది, కళ్లు ఒకచోట, చేతులు మరోచోట ఉన్నా రెండింటినీ కలిపి నడపడం. మూడోదానికి పిట్స్‌బర్గ్‌లో జార్జ్ స్టెటన్ ఒక చక్కని మార్గం ఆలోచించారు. సగం పారదర్శకంగా ఉండే అద్దాన్ని ప్రోబ్‌కు అమర్చి, లోపలి బొమ్మ చర్మం కింద తన అసలు చోటులోనే తేలుతున్నట్టు కనిపించే పరికరాన్ని ఆయన తయారుచేశారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్టా క్లాట్‌స్కీ మొదలైనవారితో కలిసి చేసిన ప్రయోగాల్లో, మామూలు తెర చూస్తూ పనిచేసేవారు లక్ష్యం లోతును ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేస్తున్నారని తేలింది; అద్దంతో చూసినప్పుడు ఆ పొరపాటు తగ్గింది. అలాంటి పరికరం మన చేతిలో లేదు. లోతును తక్కువగా అంచనా వేసే స్వభావం మనసుకు ఉందన్న సంగతి మాత్రం మనం విద్యార్థులకు మొదటిరోజే చెప్పవచ్చు, తెర పక్కనున్న సెంటీమీటర్ల గీతలను చూసి లోతును పైకి చదవడం అలవాటు చేయవచ్చు.

రెండో లెక్క, అంటే కుడిఎడమల సంగతి, మన రంగంలో ప్రత్యేకంగా చిక్కుపెడుతుంది. రేడియాలజిస్టు పొట్టను అడ్డంగా స్కాన్ చేసేటప్పుడు రోగిని పాదాల వైపునుంచి చూస్తున్నట్టుగా బొమ్మను చదువుతారు. రోగి కుడిభాగం తెరకు ఎడమవైపు పడుతుంది. మనం జుగులర్ సిరలో లైన్ వేయడానికి రోగి తల వెనక నిలబడతాం. మన ఎడమచేతి వైపే రోగి ఎడమ భుజం ఉంటుంది. ప్రోబ్ మీది గుర్తును మన ఎడమకు పెట్టుకుంటే రోగి ఎడమభాగం తెరకు ఎడమవైపే పడుతుంది. రేడియాలజీ పోస్టింగులో అలవాటైన బొమ్మ ఇక్కడ తిరగబడిపోతుంది. కుడి మెడను చూస్తే కెరోటిడ్ ధమని తెర మీద ఎడమకు, జుగులర్ సిర దానికి కుడిపక్కన ఉండాలి. ప్రోబ్ తిరగేసి పట్టుకున్నవారికి ఇవి తారుమారవుతాయి, సూదిని కుడికి జరిపితే తెర మీద ఎడమకు పోతుంది. జెల్ రాసిన వెంటనే ప్రోబ్ ఒక అంచు దగ్గర చర్మాన్ని వేలితో తాకి, తెర మీద ఏ పక్క కదలిక కనిపించిందో చూడటానికి రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్లు మినహాయించుకునే హక్కు ఎంత సీనియర్‌కైనా లేదని నా అభిప్రాయం.

1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఘనాలతో కట్టిన రెండు ఆకారాలను చూపించి, అవి ఒకటేనా, వేర్వేరా అని అడిగితే, వాటి మధ్య కోణం పెరిగేకొద్దీ జవాబు చెప్పడానికి పట్టే సమయం అదే నిష్పత్తిలో పెరిగింది. అంటే మనసు ఆ బొమ్మను నిజంగానే కొంచెం కొంచెంగా తిప్పి చూస్తుంది, ఆ తిప్పడానికి సమయమూ శ్రమా ఖర్చవుతాయి. తెరను వీపు వెనకో భుజం పక్కనో పెట్టుకుని సూది వేసే విద్యార్థి ప్రతి కదలికకూ ఆ ఖర్చు చెల్లిస్తూనే ఉంటాడు. యంత్రాన్ని రోగి నడుము దగ్గరకు జరిపి, మెడ, సూది, తెర మూడూ ఒకే చూపు వరుసలోకి వచ్చేలా నిలబెడితే ఆ శ్రమలో చాలాభాగం అక్కడికక్కడే తీరిపోతుంది. ట్రాలీ జరపడానికి చోటు లేదని వదిలేసే థియేటర్లలో సూది వేసే ముందు ఒక స్టూలును పక్కకు తీయించి చూడండి, చోటు దొరుకుతుంది.

ఇక పుట్టుకతో వస్తుందన్న మాట సంగతి. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మానసికంగా ఆకారాలను తిప్పి చూసే పరీక్షల్లో ఎక్కువ మార్కులు వచ్చినవారు, మొదటిసారి ఇలాంటి పని చేసినప్పుడు మిగతావారికన్నా మెరుగ్గా చేసినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. అయితే 2002లో కెనడాలోని టొరొంటో నుంచి వాన్‌జెల్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరిశోధన నాకు ఎంతో ముఖ్యమైనదిగా తోస్తుంది. ఆకారాలను ఊహించుకోవలసిన కష్టమైన శస్త్రచికిత్స నైపుణ్యాన్ని సర్జికల్ రెసిడెంట్లకు నేర్పినప్పుడు, ప్రాదేశిక పరీక్షలో వెనకబడినవారు మొదట్లో వెనకబడ్డారు. వారికి సాధన, తప్పొప్పులు చెప్పే అధ్యాపకుడు దొరికాక మిగతావారి స్థాయిని అందుకున్నారు. 2013లో ఉట్టల్, ఆయన సహచరులు 217 అధ్యయనాలను కలిపి పరిశీలించి, ప్రాదేశిక నైపుణ్యాలు శిక్షణతో పెరుగుతాయనీ, ఆ పెరుగుదల నిలుస్తుందనీ చూపించారు. కాబట్టి ఈ పరీక్షలను విద్యార్థులను ఎంపిక చేయడానికో, పక్కన పెట్టడానికో వాడటం అన్యాయం. ఎవరికి ఎక్కువ గంటలు కేటాయించాలో తెలుసుకోవడానికి వాడితే మంచిదే.

అయితే ఘనాల బొమ్మలు తిప్పి చూడటంలో ఆరితేరితే సూది కూడా దానంతటదే వస్తుందని నేను అనను. చెయ్యి నేర్చుకోవలసింది చెయ్యే నేర్చుకోవాలి. అందుకే శిక్షణ మన పనికి దగ్గరగా ఉండాలి, మెట్టు తర్వాత మెట్టుగా ఉండాలి, మొదటి మెట్టు యంత్రం లేకుండానే మొదలవ్వాలి. యంత్రం లేకుండా అనడానికి మన దగ్గర గట్టి కారణమే ఉంది. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రాలను నమోదు చేయించాలి, వాటిని ఇష్టం వచ్చిన చోటికి తీసుకుపోకూడదు. ఆడపిల్లల ప్రాణాలు కాపాడటానికి వచ్చిన చట్టం అది, దాన్ని అక్షరాలా పాటించాలి. సాధన కోసమని యంత్రాన్ని హాస్టలుకో సెమినార్ గదికో తీసుకెళ్లే వీలు మనకు లేదు. ఉన్న ఒకటి రెండు యంత్రాలు పొద్దుటి నుంచి థియేటర్లోనో ఐసీయూలోనో పనిలో ఉంటాయి. యంత్రం దొరికే ఆ కొద్ది గంటలు కుడిఎడమలు తేల్చుకోవడానికి ఖర్చయిపోకూడదు.

మొదటి మెట్టుకు కావలసినవి కూరగాయలు, చాకు, తెల్ల కాగితాలు. క్యారెట్‌ను అడ్డంగా కోస్తే గుండ్రం, ఏటవాలుగా కోస్తే కోలగా, నిలువుగా కోస్తే పొడవాటి పట్టీ వస్తుందని అందరికీ తెలుసు. తెలిసినదాన్ని ముందుగా గీసి చూపించమంటేనే లోటు బయటపడుతుంది. బంగాళాదుంపలోకి ఒక స్ట్రాను ఏటవాలుగా దూర్చి, పైన మూడు గీతలు గీసి, ఒక్కో గీత వెంట కోస్తే స్ట్రా రంధ్రం కోసిన ముఖం మీద ఎక్కడ, ఏ ఆకారంలో, ఎంత లోతున కనిపిస్తుందో ముందు కాగితం మీద గీయించండి. ఆ తర్వాత కోయించండి. చాలామంది మొదట మూడు చోట్లా ఒకే లోతున మూడు గుండ్రాలు గీస్తారు. కోసి చూసుకున్నాక ఆ రంధ్రం ఒక ముక్కనుంచి మరో ముక్కకు లోతు మారుతోందనీ, కోలగా సాగిందనీ వాళ్లకే తెలుస్తుంది. ఊహించడం, గీయడం, కోయడం, సరిచూసుకోవడం అన్న వరుస తప్పకూడదు. గీయకుండా కోసేస్తే అది వంటింటి పనే అవుతుంది.

రెండో మెట్టులో ప్రోబ్ చేతికి వస్తుంది, సూది రాదు. ఇక్కడ నేను ఎక్కువగా వాడేది ముంజేతి మధ్యగా అరచేతికి వెళ్లే మీడియన్ నాడి. విద్యార్థులు ఒకరి ముంజేతిని ఒకరు చూసుకోవచ్చు. మణికట్టు దగ్గర ప్రోబ్ అడ్డంగా పెడితే కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు, నాడి పక్కపక్కనే చుక్కచుక్కలుగా, ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. ఏది నాడి అని అడిగితే పది మంది పది చోట్ల వేలు పెడతారు. ఇప్పుడు ప్రోబ్‌ను మెల్లగా మోచేతి వైపు జరపమనండి. స్నాయువులు ఒక్కొక్కటే తమ కండరంలో కలిసిపోతాయి. నాడి మాత్రం తేనెపట్టు గదుల్లాంటి లోపలి గుర్తులతో అలాగే ఉండి, ముంజేయి మధ్యకు వచ్చేసరికి వేళ్లను ముడిచే పై కండరానికీ కింది కండరానికీ నడుమ చేరుతుంది. ఒకే అడ్డుకోత చూసి చెప్పలేనిది, కోతల వరుస చూస్తే తేలిపోతుంది. అదే చోట ఆగి ప్రోబ్‌ను కొన్ని డిగ్రీలు వాలిస్తే స్నాయువు నల్లబడుతుంది, నిటారుగా చేస్తే మళ్లీ తెల్లబడుతుంది. తరంగం ఏ కోణంలో తాకిందన్నదాన్ని బట్టి వెలుగు మారుతుందని పుస్తకంలో పేజీలకొద్దీ రాసినది అప్పుడు చేతికి అందుతుంది. సూది కూడా అంతే. ఏటవాలుగా, లోతుగా దిగే సూది తరంగాన్ని వేరే దిక్కుకు తిప్పేస్తుంది కాబట్టి మసకబారుతుంది, చర్మానికి సమాంతరంగా పోయే సూది మెరుస్తుంది.

ఈ దశలో అధ్యాపకుల భాష గురించి ఒక మాట చెప్పాలి. "కొంచెం అటు", "ఇంకొంచెం ఇటు", "అబ్బే, అలా కాదు" అన్న మాటలతో ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. ప్రోబ్‌కు మనం చెప్పవలసిన కదలికలు నాలుగే: జరపడం, వాల్చడం, తిప్పడం, నొక్కడం. విభాగంలో అందరూ ఈ నాలుగు మాటలనే వాడాలి, ఒక్కో మాటకు ఒక్కో కదలికే అర్థం కావాలి, ఒకసారి ఒక కదలికే చెప్పాలి. బొమ్మ పోయిందంటే ఏ కదలిక వల్ల పోయిందో విద్యార్థి చెప్పగలగాలి, ఆ కదలికనే వెనక్కి చేసి బొమ్మను తెచ్చుకోవాలి. విసుగొచ్చి ప్రోబ్‌ను వాళ్ల చేతుల్లోంచి లాక్కుంటే బొమ్మ క్షణంలో వస్తుంది, కానీ అది ఎలా వచ్చిందో వాళ్లకు తెలియకుండా పోతుంది. రోగికి ప్రమాదం ఉన్నప్పుడు తప్పకుండా తీసుకోండి. లేనప్పుడు మీ చేతులు వెనక్కి కట్టుకుని నోటితో చెప్పండి.

మూడో మెట్టు ఫాంటమ్, అంటే రోగి శరీరానికి బదులు సూది సాధన చేసే నమూనా ముద్ద. బజారులో దొరికేవి ఖరీదైనవి, ఇంట్లో చేసుకోగలిగినవి మన అవసరానికి సరిపోతాయి. లీటరు వేడినీటికి దాదాపు వంద గ్రాముల జెలటిన్ కరిగించి, రెండు మూడు చెంచాల ఇసబ్‌గోల్ పొట్టు కలిపితే తెర మీద కండరంలాంటి బూడిదరంగు వస్తుంది. పొట్టు లేకపోతే అంతా నల్లగా, సూది మరీ సులువుగా కనిపిస్తుంది; అలా నేర్చుకున్నవారు రోగి దగ్గర తడబడతారు. నీళ్లు నింపి ముడివేసిన గ్లవ్ వేలును గాలి బుడగ లేకుండా లోపల పడుకోబెడితే సిర అవుతుంది. మన ఎండాకాలంలో జెలటిన్ బల్ల మీదే జారిపోతుంది, కాబట్టి ఫ్రిజ్‌లోంచి ఒక్కొక్కటే బయటికి తీయాలి. జెలటిన్ వద్దనుకునేవారు అగర్ వాడవచ్చు. అది వేడికి తట్టుకుంటుంది కానీ పెళుసుగా ఉంటుంది, సూది చేసిన దారులు అందులో త్వరగా మిగిలిపోతాయి. దేనిలోనైనా పాత దారుల్లో చేరిన గాలి తెల్లటి గీతల్లా మెరిసి కొత్త సూదిలా భ్రమ కలిగిస్తుంది. అప్పుడు జెలటిన్‌ను కరిగించి మళ్లీ పోసుకోవచ్చు.

ఫాంటమ్ మీద ముందుగా నేర్పవలసినది సూదిని ప్రోబ్‌కు అడ్డంగా పోనిచ్చే ఔట్-ఆఫ్-ప్లేన్ పద్ధతి అని నేను అంటే కొందరు ఒప్పుకోరు. సూది మొత్తం కనిపించే ఇన్-ప్లేన్ పద్ధతే కొత్తవారికి క్షేమమని వారి వాదన. రోగి దగ్గర అది నిజం, నెర్వ్ బ్లాకులకు నేనూ అదే చెబుతాను. కానీ ఫాంటమ్ మీద ఎవరికీ గాయం కాదు, ప్రాదేశిక ఆలోచనకు ఔట్-ఆఫ్-ప్లేన్‌ను మించిన పరీక్ష లేదు. ఆ లెక్క ఒకసారి చూడండి.

సిర మధ్యభాగం 1.5 సెంటీమీటర్ల లోతులో ఉందనుకుందాం. ప్రోబ్ నడిమికి 1.5 సెంటీమీటర్ల వెనక గుచ్చి, 45 డిగ్రీల కోణంలో పోనిస్తే దాదాపు 2.1 సెంటీమీటర్ల సూది లోపలికి వెళ్లేసరికి మొన సరిగ్గా సిర మధ్యలో ఆ పొరను తాకుతుంది. అదే చోట గుచ్చి కోణం 60 డిగ్రీలకు పెంచితే సూది పొరను తాకేది 2.6 సెంటీమీటర్ల లోతున, అంటే సిరకు కిందుగా. 30 డిగ్రీలైతే 0.9 సెంటీమీటర్ల లోతునే, సిరకు పైగా దాటిపోతుంది. ఇంతవరకు పదో తరగతి త్రిభుజాలే. అసలు ప్రమాదం ఆ తర్వాతిది. 45 డిగ్రీల కోణంలోనే సూదిని 3.5 సెంటీమీటర్ల దాకా తోశారనుకోండి. తెర మీద తెల్లచుక్క సిర మధ్యలో ముచ్చటగా మెరుస్తూనే ఉంటుంది. కానీ ఆ చుక్క మొన కాదు, సూది నడుము. మొన ఈపాటికి 2.5 సెంటీమీటర్ల లోతుకు, అంటే సిర మధ్యకు మరో సెంటీమీటరు కిందికి చేరిపోయింది. సిర వెనకగోడ దాటింది, ధమని దగ్గరకు వెళ్లి ఉండవచ్చు కూడా. తెర ఏ తప్పూ చూపించదు. తప్పును చూడవలసింది మనసులో కట్టుకున్న బొమ్మే.

దీనికి విరుగుడుగా మనం నేర్పే పద్ధతి చాలా సరళమైనది. చుక్క కనిపించగానే సూదిని ఆపాలి. ప్రోబ్‌ను సూది పోయే దిక్కుకు మిల్లీమీటరో రెండో జరపాలి. చుక్క మాయమైతే పొర ఇప్పుడు మొనకు ముందుంది, చుక్క పోకపోతే అది నడుమన్న మాట, ఇంకా జరపాలి. చుక్క మాయమయ్యాక ప్రోబ్‌ను కదలనివ్వకుండా సూదిని పోనిస్తే, మళ్లీ చుక్క మెరిసిన క్షణంలో మొన సరిగ్గా పొరలో ఉంటుంది. ప్రోబ్, సూది, ప్రోబ్, సూది అని ఒకదాని తర్వాత ఒకటిగా ఇలా సాగాలి. రెండూ ఒకేసారి కదలకూడదు. ప్రతి అడుగులోనూ విద్యార్థి "మొన పొరకు ఇవతల ఉంది", "ఇప్పుడు పొరలో ఉంది" అని పైకి చెబుతూ చేయాలి. నోటితో చెప్పలేని చోట చెయ్యి ఆగాలి. ఇలా మాట్లాడించడం వల్ల కనిపించినవారి "కనిపిస్తోంది సార్"కూ, కనిపించనివారి "కనిపిస్తోంది సార్"కూ తేడా అధ్యాపకుడికి వెంటనే తెలిసిపోతుంది.

ఇన్-ప్లేన్‌కు వచ్చేసరికి తప్పు వేరే రూపంలో ఉంటుంది. సూది సగం కనిపించి మొన పొర పక్కకు తప్పుకుంటుంది. కనిపిస్తున్నంతవరకే సూది ఉందని విద్యార్థి నమ్ముతాడు. అప్పుడు సూదిని ఆపి ప్రోబ్‌తో సూదిని వెతకాలి. సూదితో ప్రోబ్‌ను వెతకకూడదు. మొనకు ఏటవాలు కోత ఉంటుంది కాబట్టి మామూలుగా అది నడుముకన్నా భిన్నంగా, కొంచెం జంటగీతల్లా మెరుస్తుంది. దాన్ని గుర్తుపట్టడం ఫాంటమ్ మీదే అలవాటు కావాలి. రోగి దగ్గర అనుమానం వస్తే అర మిల్లీలీటరు సెలైన్ వదిలి, నల్లటి చిన్న మడుగు ఎక్కడ విచ్చుకుందో చూడవచ్చు.

ఎప్పుడు రోగి దగ్గరకు పంపాలి? లాగ్‌బుక్కులో కేసుల సంఖ్య నాకు నమ్మకం కలిగించదు. కొందరికి త్వరగా వస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది, సంఖ్య ఈ ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది. ఫాంటమ్ మీద చేస్తున్నప్పుడు తెరనూ చేతులనూ కలిపి ఫోన్‌తో వీడియో తీసి, మొన కనిపించకుండా సూది ముందుకు కదిలిన సందర్భాలను లెక్కపెట్టండి. వరుసగా చేసినవాటిలో అలాంటి సందర్భం ఒక్కటీ లేనప్పుడే సీనియర్ సమక్షంలో రోగి దగ్గరకు అనుమతించండి. ఎంత సమయంలో ముగించారన్నది ఈ దశలో లెక్కలోకి రానివ్వకండి. తొందర పెడితే మొదట పోయేది మొన కోసం ఆగే అలవాటే. థియేటర్ లిస్టు పొడవుగా ఉన్నరోజు సర్జన్లు ఎదురుచూస్తుంటే ఇది కష్టమని నాకు తెలుసు. అలాంటి రోజు మొదటి కేసు కొత్తవారికి ఇవ్వకపోవడం మేలు. బట్ట కింద మెలకువగా పడుకుని ఉన్న మనిషి మన మాటలన్నీ వింటూనే ఉంటాడు, అతని మెడ మన సాధనకు కేటాయించినది కాదు.

ఒకసారి నేర్చుకున్నాక కూడా ఈ నైపుణ్యం సాధన లేకపోతే మొద్దుబారుతుంది. ఐసీయూ పోస్టింగు ముగిసి కొన్ని నెలలు సూది పట్టనివారు తిరిగి వచ్చినప్పుడు, రోగి దగ్గరకు వెళ్లేముందు ఒక గంట ఫాంటమ్ దగ్గర గడపాలన్న నియమం మన విభాగాలన్నీ పెట్టుకోవచ్చు. దానికి ఖర్చు జెలటిన్ ఖర్చే.

ఇప్పుడు పక్క హాలులో బల్లలు సిద్ధంగా ఉన్నాయి. మొదటి బల్ల మీద యంత్రం లేదు. దుంపలు, స్ట్రాలు, చాకులు, కాగితాలు ఉన్నాయి. రెండో బల్ల దగ్గర ముంజేయి స్కాన్, మూడో బల్ల దగ్గర ఫాంటమ్. మొదటి బల్ల దగ్గర మూడు కోతలూ ముందుగా గీసి, కోసి, సరిచూసుకున్న కాగితం చూపించినవారికే రెండో బల్ల దగ్గర ప్రోబ్ ఇవ్వమని ట్యూటర్లను కోరాను. అధ్యాపకులు కూడా మొదటి బల్ల నుంచే మొదలుపెట్టండి.